ముందు మీరెవరో చెప్పండి: కాల్ సైన్‌తో నా అనుభవం

హామ్ రేడియో (సరదా కోసం నడిపే అమెచ్యూర్ రేడియో) లైసెన్సు పరీక్ష గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఓమ్స్ లా, యాంటెన్నా పొడవులు, బ్యాండ్ల హద్దులు, కొన్ని నియమాలు. కూర్చుని చదివితే వచ్చేస్తాయి. అసలు కథ లైసెన్సు చేతికొచ్చాక మొదలైంది. దాని మీద ఒక కాల్ సైన్, అంటే గాలిలో నేనెవరో చెప్పే అక్షరాల, అంకెల గుర్తు, అచ్చేసి ఉంది. ఆ రోజు నుంచి మైకులో నా పేరు కన్నా ముందు వినిపించాల్సింది అదే. నాలుగైదు అక్షరాలు పలకడంలో నేర్చుకోవడానికి ఏముంటుంది అనిపిస్తుంది గానీ, ఎప్పుడు పలకాలి, ఎవరిది ముందు పలకాలి, ఎన్నిసార్లు, ఎంత నెమ్మదిగా, ఎప్పుడు అస్సలు నోరెత్తకూడదు అన్నవి నాకు ఒక్కచోట దొరకలేదు. వినీ, గమనించీ, పెద్దవాళ్లని అడిగీ పోగేసుకున్నవే ఎక్కువ.

నా కాల్ సైన్ ఇక్కడ రాయడం లేదు. చాలా దేశాల్లో లైసెన్సు ఉన్నవాళ్ల జాబితా బహిరంగంగానే ఉంటుంది. కాల్ సైన్ కొట్టి వెతికితే పేరు, ఊరు, ఒక్కోసారి ఇంటి చిరునామా కూడా వచ్చేస్తాయి. గాలిలో ఊరూ పేరూ తెలియనివాళ్లంతా వినేలా చెప్పేదాన్ని రాతలో దాచడమేంటని మీరు నవ్వుకోవచ్చు. గాలిలో చెప్పడం నియమం కాబట్టి చెబుతాను. ఇక్కడ ఆ నియమం లేదు.

ఉదాహరణకి జోర్డాన్ ఒకప్పటి రాజు హుస్సేన్‌ది తీసుకుందాం. ఆయన పేరున్న హామ్. కాల్ సైన్ జేవై1. జేవై అంటే జోర్డాన్, తర్వాత ఒక అంకె, అంతే. రాజుగారు కాబట్టి అక్కడితో సరిపోయింది. మనలాంటి వాళ్లకి అంకె తర్వాత ఇంకొన్ని అక్షరాలు ఉంటాయి. ముందున్న అక్షరాలు ఏ దేశమో చెబుతాయి. వాటిని దేశాలకి పంచేది అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్, అంటే ఐటీయూ. వీయూ భారత్, జేఏ జపాన్, వీకే ఆస్ట్రేలియా, 4ఎస్ శ్రీలంక, 9ఎన్ నేపాల్. అంతరిక్ష కేంద్రంలో తిరుగుతున్నవాళ్లకీ ఇది తప్పదు. అక్కడి కాల్ సైన్లలో ఎన్ఏ1ఎస్ఎస్ ఒకటి, ఆర్ఎస్0ఐఎస్ఎస్ ఇంకొకటి.

మొదట్లో ఈ ఏర్పాటు లేదు. 1923 నవంబరులో అట్లాంటిక్‌కి అటూ ఇటూ ఉన్న హామ్‌లు మొదటిసారి ఒకరి మాట ఒకరు విని జవాబిచ్చుకున్నప్పుడు, అమెరికా వైపు ఫ్రెడ్ ష్నెల్‌ది 1ఎంఓ, ఫ్రాన్స్ వైపు లియాన్ డెలాయ్‌ది 8ఏబీ. అమెరికాలో కూడా అప్పట్లో 8వ రేడియో జిల్లా ఉండేది, అక్కడి కాల్ సైన్లూ 8తోనే మొదలయ్యేవి. కాబట్టి 8ఏబీ అని వినబడితే ఆయన సముద్రానికి ఏ ఒడ్డున ఉన్నాడో దాన్నిబట్టి చెప్పలేం. 1927 వాషింగ్టన్ సమావేశం తర్వాతే అమెచ్యూర్ల కాల్ సైన్లకి కూడా దేశం గుర్తు ముందు చేరింది. ఈ సంగతి తెలిశాక ఆ మొదటి రెండు అక్షరాలని మింగేయకుండా పలకడం మొదలుపెట్టాను. ఇప్పటికీ చాలామంది వాటిని హడావుడిగా దాటేస్తారు.

మా క్లబ్‌లో పెద్దాయన ఒకరున్నారు. నేను హ్యాండీ (చేతిలో పట్టే రేడియో) కొనుక్కుని ఉత్సాహంగా వెళ్తే ఆయన అన్న మొదటి మాట, "కొన్నాళ్లు పీటీటీ ముట్టుకోకుండా విను తల్లీ." పీటీటీ అంటే మాట్లాడటానికి నొక్కే మీట. విన్నాను. వీహెచ్ఎఫ్ రిపీటర్ (మన సిగ్నల్‌ని అందుకుని మళ్లీ ప్రసారం చేసే స్టేషన్) మీద ఎవరూ సీక్యూ అని పిలవరని అలా విన్నప్పుడే తెలిసింది. సీక్యూ అనేది ఎవరైనా సరే రండి అని పిలవడం, హెచ్ఎఫ్‌లో (దూర దేశాలకి చేరే తక్కువ ఫ్రీక్వెన్సీల్లో) దాని అవసరం వేరు. రిపీటర్ మీద మాత్రం కాల్ సైన్ చెప్పి "లిజనింగ్" అంటే చాలు. మాట్లాడాలనుకున్నవాళ్లు వస్తారు.

ఒకరిని ప్రత్యేకంగా పిలవాలంటే ముందు వాళ్ల కాల్ సైన్, తర్వాత మనది. ఈ వరుస ఎందుకో నన్నెవరో పిలిచినప్పుడు అర్థమైంది. చెవి ఒక పక్కన, చేయి ఇంకో పనిలో ఉంటాయి. మన కాల్ సైన్ వినబడగానే తల తిరుగుతుంది. పిలిచిందెవరో ఆ తర్వాత వచ్చే అక్షరాలు చెబుతాయి. వరుస తిరగబడితే, మనం తల తిప్పేసరికి పిలిచినవాళ్ల పేరు గాలిలో కలిసిపోయి ఉంటుంది. చుక్కలూ గీతలతో పంపే మోర్స్‌లోనూ ఇదే వరుస. మధ్యలో డీఈ అని రెండు అక్షరాలు, ఫలానావాళ్ల నుంచి అని చెప్పడానికి.

ఇంకొకటి, విరామం. ఒకరు మాట ఆపగానే రెండోవాళ్లు వెంటనే పీటీటీ నొక్కరు. రిపీటర్ బీప్ కొట్టేదాకా, లేదా రెండు క్షణాలు ఆగుతారు. ఆ సందులో మూడోవాళ్లు ఎవరైనా తమ కాల్ సైన్ చెప్పి లోపలికి రావచ్చు, అది అత్యవసరం కూడా కావచ్చు. కొందరు "బ్రేక్ బ్రేక్" అని అరుస్తారు గానీ, మామూలుగా చేరడానికి కాల్ సైన్ ఒక్కసారి చెబితే సరిపోతుంది. మాట కలపకుండా ఊరికే పీటీటీ నొక్కి, రిపీటర్ పలుకుతుందో లేదో చూసుకుని వెళ్లిపోయేవాళ్లు మాత్రం అన్నిచోట్లా ఉంటారు. ఎవరు నొక్కారో తెలియదు, ఎందుకో తెలియదు. రిపీటర్ కూడా తన గుర్తింపు తను మోర్స్‌లో చెప్పుకుంటుంటే వీళ్లకి ఏం బరువో నాకర్థం కాదు. "ఫలానా కాల్ సైన్, టెస్టింగ్" అనడానికి ఊపిరి కూడా అక్కర్లేదు.

మొదటిసారి పీటీటీ నొక్కినప్పుడు టెన్షన్ పడ్డ మాట నిజం. కాల్ సైన్‌ని మామూలు అక్షరాల్లోనూ, ఫోనెటిక్స్‌లోనూ (ఒక్కో అక్షరానికి ఒక మాట) కాగితం మీద రాసి ఎదురుగా పెట్టుకున్నాను. చెప్పాను, జవాబు వచ్చింది, సిగ్నల్ ఎలా ఉందో చెప్పారు, ధన్యవాదాలు చెప్పి మళ్లీ కాల్ సైన్ చెప్పి ముగించాను. అంతకన్నా వర్ణించడానికి అందులో ఏమీ లేదు. ఆ కాగితం మాత్రం చాలాకాలం ఉంచుకున్నాను. కంగారులో మన పేరే మనకి గుర్తు రాని సమయాలు ఉంటాయి మరి.

తర్వాత నన్ను బాగా ఆలోచింపజేసింది, ఎంత తరచుగా చెప్పాలన్నది. ఐటీయూ నిబంధన "తక్కువ వ్యవధిలో" చెబుతూ ఉండమంటుంది, అంకె చెప్పదు. అంకె పెట్టేది ఆయా దేశాల చట్టం. అమెరికాలో మాట్లాడుతున్నంతసేపు 10 నిమిషాలకి ఒకసారైనా, చివర్లో ఒకసారి. తమాషా ఏమిటంటే ఆ నియమం మొదట్లో చెప్పాలని అడగదు. కానీ మొదట్లో చెప్పకుండా ఎవరూ మొదలుపెట్టరు, జవాబు కావాలంటే ఎవరో తెలియాలి కదా. ఎక్కడ ఉన్నా మన లైసెన్సులో ఏముందో ఒకసారి చదువుకోవడమే మంచిది.

కొందరు ప్రతి ఓవర్‌కీ, అంటే మాట్లాడే ప్రతి వంతుకీ, ముందు రెండు కాల్ సైన్లు, చివర రెండు కాల్ సైన్లు చదువుతారు. "అవును" అనే ఒక్క మాటకి అటూ ఇటూ నాలుగు కాల్ సైన్లు. వినడానికి విసుగు, పైగా చట్టం అడగనిది. ఇంకొందరు అరగంట కబుర్లు చెప్పుకుని ఒక్కసారీ చెప్పరు. "ఆయనకి నేనెవరో తెలుసు కదండీ" అంటారు. ఆ వాదన నాకు ఎప్పుడూ నచ్చలేదు. ఎదుటివాళ్లకి తెలుసు, నిజమే. కాల్ సైన్ చెప్పేది వాళ్ల కోసం కాదు. ఇప్పుడే రేడియో ఆన్ చేసినవాళ్ల కోసం, అదే ఫ్రీక్వెన్సీ మీద మీ వల్ల ఇబ్బంది పడుతున్నవాళ్ల కోసం, నిఘా కేంద్రంలో కూర్చుని ఈ సిగ్నల్ ఎవరిదని చూసే ఉద్యోగి కోసం. గాలి అందరిదీ అయినప్పుడు దాన్ని వాడుకుంటున్నది ఎవరో అందరికీ తెలియాలి. దేశం దాటి మాట్లాడే అమెచ్యూర్లు అర్థం దాచే సంకేత భాష వాడకూడదని ఐటీయూ పెట్టిన నియమం కూడా ఇదే కోవలోది. నేను గడియారానికి ఒక చిన్న అలారం పెట్టుకున్నాను. అది మోగిన తర్వాత వచ్చే నా ఓవర్ చివర్లో కాల్ సైన్ చెబుతాను, మిగతాసేపు మామూలు మనుషుల్లా మాట్లాడుకుంటాం.

ఫోనెటిక్స్ సంగతి. ఆల్ఫా, బ్రావో, చార్లీ అంటూ సాగే ఈ జాబితా 1956లో ఇప్పుడున్న రూపానికి వచ్చింది. విమానాల వాళ్లదీ మాదీ ఒకటే. ఎఫ్ఎంలో అవతలి గొంతు తేటగా వినబడుతుంటే దీని అవసరం లేదు, అడిగితే చెప్పచ్చు. హెచ్ఎఫ్‌లో మాత్రం ఇది లేకపోతే పని జరగదు. బీ, సీ, డీ, ఈ, జీ, పీ, టీ, వీ అన్నీ "ఈ" అనే తోకతోనే ముగుస్తాయి. రొదలో మిగిలేది ఆ తోకే. మనకి ఎం, ఎన్ కూడా తోడు. తెలుగులోనే మాట్లాడుకుంటున్నా కాల్ సైన్ దగ్గరికి వచ్చేసరికి మైక్, నవంబర్ అనే తీరాలి.

కొందరు డీఎక్స్ (దూర దేశాల స్టేషన్ల) వేటగాళ్లు ఎస్‌కి సియర్రా బదులు శాంటియాగో అంటారు, జడ్‌కి జులు బదులు జాంజిబార్ అంటారు. పొడవైన మాట రొదని చీల్చుకుని వెళ్తుందని వాళ్ల నమ్మకం. ఒకసారి ప్రామాణిక మాటతో దొరకకపోతే రెండోసారి ఇలా చెప్పి చూడటం పనికొస్తుంది, నేనూ చేశాను. సరదాగా అప్పటికప్పుడు పుట్టించే మాటలు మాత్రం వద్దు. అవతల ఆపరేటర్‌కి ఇంగ్లీషు మూడో భాషో నాలుగో భాషో అయ్యుండచ్చు. మనం చెప్పిన వింతమాట స్పెల్లింగ్ ఏంటని ఆయన ఆలోచించే లోపు సిగ్నల్ దిగిపోతుంది.

కాల్ సైన్ క్రమశిక్షణ అంతా ఒక్కచోట చూడాలంటే నెట్‌లో చేరాలి. నెట్ అంటే ఒక సమయానికి, ఒక ఫ్రీక్వెన్సీ మీద అందరూ చేరే సభ. నడిపేవారు నెట్ కంట్రోల్. ఆయన పిలుపునిచ్చాక కాల్ సైన్ ఒక్కటే చెప్పాలి, ఒక్కసారే చెప్పాలి, ఆగాలి. బాగున్నారా, వాతావరణం ఇలా ఉంది, నిన్న యాంటెన్నా మార్చాను లాంటివన్నీ మన వంతు వచ్చినప్పుడు. ఇద్దరు ముగ్గురు ఒకేసారి నొక్కితే ఎఫ్ఎంలో ఈల మోత వస్తుంది, బలమైన సిగ్నల్ మిగతావాటిని మింగేస్తుంది. అప్పుడు నెట్ కంట్రోల్ "చివర బ్రావో ఉన్న స్టేషన్ మాత్రమే" అంటారు. చివర బ్రావో లేనివాళ్లంతా నోరు మూసుకోవాలి. ఈ చిన్న పని ఎంత కష్టమో నాకు నెట్‌లోనే తెలిసింది. ఆయన విన్నది నన్నేనేమో, బ్రావో అని తప్పుగా విన్నారేమో అని వేలు పీటీటీ మీద తహతహలాడుతుంది. ఆగితే వంతు మన దాకా వస్తుంది. మధ్యలో వెళ్లిపోవాల్సి వస్తే చెప్పి వెళ్లాలి. విపత్తు సమయంలో నడిచే నెట్‌లో ఎవరు ఉన్నారో, ఎవరు లేరో ఆయన కాగితం మీద ఉండే ఆ జాబితాయే ఆధారం.

హెచ్ఎఫ్‌కి వచ్చాక మర్యాద ఇంకో మెట్టు ఎక్కుతుంది. ఖాళీగా ఉన్నట్టు వినిపించే ఫ్రీక్వెన్సీ నిజంగా ఖాళీ అని చెప్పలేం. మాట్లాడుకునే ఇద్దరిలో ఒకరు నాకు వినబడకపోవచ్చు. అందుకే ముందు కాసేపు విని, ఆ తర్వాత నా కాల్ సైన్‌తో కలిపి "ఈ ఫ్రీక్వెన్సీ వాడుకలో ఉందా?" అని అడుగుతాను. మోర్స్ వాళ్లు క్యూఆర్ఎల్ అని అడుగుతారు. రెండోసారి కూడా జవాబు లేకపోతే అప్పుడు సీక్యూ.

పైల్ అప్ గురించి చెప్పకపోతే ఈ అనుభవం సగమే. ఏదో మారుమూల దీవి నుంచి ఒక స్టేషన్ గాలిలోకి వస్తుంది. దాని మీద వందలమంది ఒకేసారి పడతారు. ఆ ఆపరేటర్ "లిజనింగ్ ఫైవ్ టు టెన్ అప్" అంటాడు. అంటే తను మాట్లాడే చోట కాకుండా 5 నుంచి 10 కిలోహెర్ట్జ్ పైన వింటున్నాడని. నేను మొదట ఆయన ఎవరిని, ఎక్కడ అందుకుంటున్నాడో వింటూ కూర్చున్నాను. ఒక్కో జవాబు తర్వాత కొద్దికొద్దిగా పైకి జరుగుతున్నాడని తెలిశాక, నా ట్రాన్స్‌మిట్‌ని ఇంకాస్త పైన పెట్టుకుని, పూర్తి కాల్ సైన్ ఒక్కసారి చెప్పి ఆగాను. ఆయన కాల్ సైన్ నేను చెప్పనక్కర్లేదు, అదేమిటో ఆయనకి తెలుసు. వినబడిందా వినలేదా అన్నది మళ్లీ నోరు తెరవకుండా వింటేనే తెలుస్తుంది. చాలామంది ఊపిరి బిగబట్టి నాలుగుసార్లు కాల్ సైన్ చెబుతారు. ఆ లోపు ఆయన ఇంకొకరికి సిగ్నల్ రిపోర్టు ఇచ్చేసి ఉంటాడు.

చివరి రెండు అక్షరాలు మాత్రమే అరిచేవాళ్ల మీద నాకు సానుభూతి లేదు. ఆ రెండక్షరాలకి జవాబిస్తే మళ్లీ పూర్తిది అడగాలి, అంటే ఒక్క కాంటాక్ట్‌కి రెండింతల సమయం. పైగా సగం కాల్ సైన్ చట్టం లెక్కలో గుర్తింపే కాదు. ఆపరేటర్ "మైక్ లిమా?" అని అడిగితే, తమ కాల్ సైన్‌లో ఎక్కడా ఎమ్మూ ఎల్లూ లేనివాళ్లు కూడా ఆశగా అరుస్తారు. ఇంతలో ఎవరో పొరపాటున ఆ దీవి మాట్లాడే చోటే పిలుస్తారు. వెంటనే స్వచ్ఛంద పోలీసులు దిగి, "అప్! అప్!" అంటూ తమ కాల్ సైన్ చెప్పకుండా గద్దిస్తారు. అసలు పొరపాటు కన్నా ఈ గద్దింపే ఎక్కువ క్యూఆర్ఎం, అంటే అడ్డు సిగ్నల్. ఇంకో పక్క, గంటసేపు పైల్ అప్ నడిపి తన కాల్ సైన్ మాత్రం చెప్పని స్టేషన్ ఒకటి తగిలింది నాకు. అందరూ పిలుస్తున్నారు కాబట్టి నేనూ వరుసలో ఉన్నాను, ఎవరి వరుసో తెలియకుండా. ప్రతి రెండు మూడు కాంటాక్ట్‌లకి ఒకసారి చెబితే ఆ అడ్డంకులు సగం ఉండేవి కావు.

ఆడగొంతుకి పైల్ అప్‌లో తొందరగా జవాబొస్తుందని మగవాళ్లు నన్ను దెప్పుతుంటారు. మోటైన గొంతుల మధ్య సన్నటి గొంతు వేరుగా వినిపిస్తుంది, అది నిజమే. ఆ తర్వాత మాత్రం నా పేరు, వయసు, ఇంకేదేదో ఆరాలు తీసేవాళ్లు ఉంటారు. కాల్ సైన్, మొదటి పేరు, సిగ్నల్ రిపోర్టు, అంతవరకే నేనిచ్చేది. కొన్ని దేశాల్లో లైసెన్సులో ఇంటి చిరునామా బదులు పోస్టు బాక్సు ఇచ్చే వీలుంది. ఒంటరిగా ఉండే కొత్త ఆపరేటర్లకి లైసెన్సు దరఖాస్తు నింపేటప్పుడే ఆ సంగతి చెబుతాను.

బయట గుట్ట మీదికో మైదానంలోకో వెళ్లి మాట్లాడితే చివర "పోర్టబుల్" చేర్చే పద్ధతి ఉంది, రాతలో గీత పెట్టి పీ. బండిలో అయితే ఎం, ఓడలో ఎంఎం, విమానంలో ఏఎం. వేరే దేశంలో సీఈపీటీ (యూరప్ టెలికాం పాలనా సంస్థల కూటమి) ఒప్పందం కింద మాట్లాడితే ఆ దేశం గుర్తు మన కాల్ సైన్‌కి ముందు వస్తుంది, ఫ్రాన్స్‌లో అయితే ఎఫ్ గీత, తర్వాత మనది. కొన్నిచోట్ల ఇవి తప్పనిసరి, కొన్నిచోట్ల మన ఇష్టం. ఇష్టమైన చోట నేను వదిలేస్తాను. సిగ్నల్ సన్నగా ఉన్నప్పుడు ఒక్కో అక్షరం అదనంగా ఉంటే వినేవాళ్లకి తప్పు రాసుకునే అవకాశం ఒకటి పెరుగుతుంది. తక్కువ పవర్ అని చెప్పుకోవడానికి క్యూఆర్‌పీ అని తగిలించేవాళ్లకీ ఇదే చెబుతాను. ఆ పవర్‌తో అన్ని అక్షరాలు చేరవేయడమే కష్టం.

కంప్యూటర్‌తో సందేశాలు పంపే ఎఫ్‌టీ8లో గొంతుతో పని లేదు. 2017లో జో టేలర్, స్టీవ్ ఫ్రాంక్ తెచ్చిన ఈ పద్ధతిలో 15 సెకన్లకి ఒక వంతు, ఒక సందేశానికి 77 బిట్లు. మామూలు కాల్ సైన్ 28 బిట్లలో ఇమిడిపోతుంది. సంభాషణ అంతా రెండు కాల్ సైన్లు, గ్రిడ్ (ఉన్న చోటు చెప్పే గుర్తు), రిపోర్టు, 73 (వీడ్కోలు శుభాకాంక్షలు), అంతే. మర్యాద గురించి ఆలోచించే అవసరం కంప్యూటర్ లేకుండా చేసేసింది. నాకు నచ్చుతుంది గానీ, కొత్తవాళ్లు దీనితోనే మొదలుపెడితే గొంతుతో కాల్ సైన్ చెప్పే రోజు వచ్చేసరికి తడబడుతున్నారు. పొడవాటి ప్రత్యేక కాల్ సైన్లు మాత్రం ఆ 28 బిట్లలో పట్టవు. వాటిని హ్యాష్‌గా, అంటే పొట్టి సంఖ్యగా, మార్చి పంపుతారు. అంతకుముందు పూర్తి కాల్ సైన్ విననివాళ్ల తెర మీద మూడు చుక్కలే కనిపిస్తాయి.

ఈ మధ్య నాకు ఒక క్యూఎస్ఎల్ కార్డు, అంటే గాలిలో మాట్లాడుకున్నట్టు ధ్రువీకరించే కార్డు, వచ్చింది. నా కాల్ సైన్, తేదీ, యూటీసీ సమయం, బ్యాండ్, మోడ్ దగ్గర మోర్స్, రిపోర్టు 599. నేను ఇంతవరకు మోర్స్‌లో ప్రసారం చేయలేదు. లాగ్ (మాట్లాడినవాళ్ల వివరాలు రాసుకునే పుస్తకం) తీసి చూస్తే ఆ రోజు అసలు రేడియో ఆన్ చేయలేదు. ఎవరైనా నా కాల్ సైన్ దొంగిలించి వాడుతున్నారేమోనని కొంచెం భయం వేసింది, అలాంటివాళ్లు ఉన్నారు కూడా. తర్వాత కాల్ సైన్‌ని మోర్స్‌లో రాసుకుని చూశాను. నా దాంట్లో ఒక యూ ఉంది, రెండు చుక్కలు, ఒక గీత. ముందు ఇంకో చుక్క చేరితే అది వీ. ఆ వీ ఉన్న కాల్ సైన్ వెతికితే, రోజూ మోర్స్‌లో ఉండే ఒక ఆపరేటర్ దొరికాడు. ఆయనకి మెయిల్ పెట్టాను. ఆ తేదీన, ఆ నిమిషానికి ఆ కాంటాక్ట్ తన లాగ్‌లో ఉందని రాశాడు. కార్డు పంపినాయనకి "లాగ్‌లో లేదు, ఒక చుక్క తప్పిపోయినట్టుంది" అని అసలు కాల్ సైన్ రాసి జవాబిచ్చాను. ఆయన ఆ ఆపరేటర్‌కి కొత్త కార్డు పంపించాడు.